షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవారికి గుండె ముప్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

షుగర్ ఉండి, కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయని తెలియగానే ఎవరికైనా మొదట పట్టుకునే టెన్షన్ డయాలసిస్ గురించే. ఆ భయం సహజమే. కానీ ఆ భయంలో పడి గుండె సంగతి మర్చిపోతారు. ఈ రెండు జబ్బులూ ఉన్నవాళ్లలో చాలామందికి డయాలసిస్ కంటే ముందు వచ్చే ప్రమాదం గుండెకే. కింది ప్రశ్నలన్నీ ఆ విషయం చుట్టూ తిరిగేవే. ఇక్కడ ఉన్నది అందరికీ వర్తించే సమాచారం. మందు మొదలుపెట్టాలా, ఆపాలా, మోతాదు మార్చాలా అన్నది మీ రిపోర్టులు చూసిన డాక్టర్ తేల్చాలి.

నాకున్నది కిడ్నీ సమస్య. గుండె మాట ఎందుకు ఎత్తుతున్నారు?

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమంది డయాలసిస్ దశకు చేరనే చేరరు. ఆ దశకు వెళ్లడం కన్నా గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోయే అవకాశమే వాళ్లకు ఎక్కువ. వినడానికి కటువుగా ఉంటుంది. కానీ ఇది తెలియకపోతే ఆ తర్వాత ఇచ్చే సగం మందులు ఎందుకు ఇస్తున్నారో అర్థం కాదు.

షుగర్ ఒక్కటే ఉన్నా గుండెపోటు ముప్పు షుగర్ లేనివాళ్లతో పోలిస్తే సుమారు రెండింతలు. కిడ్నీ జబ్బు తోడైతే అది ఇంకా పెరుగుతుంది. కిడ్నీ వడపోత తగ్గడం ఒక ముప్పు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడం మరో ముప్పు. ఒకటి లేకపోయినా రెండోది తన పని తాను చేసుకుపోతుంది. ఇది నిన్నమొన్న కనిపెట్టిన సంగతి కాదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ల రక్తనాళాలు మామూలు కన్నా వేగంగా పూడుకుపోతున్నాయని 1974లోనే సియాటిల్ డాక్టర్లు రాశారు. ఊబకాయం, షుగర్, కిడ్నీ, గుండె జబ్బులన్నింటినీ ఒకే గొలుసుగా చూడాలని చెప్పి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దానికో పేరు పెట్టింది మాత్రం 2023లో.

కిడ్నీ పాడైతే గుండెకు ఎలా దెబ్బ తగులుతుంది?

చాలా దారుల్లో. కిడ్నీ ఉప్పునీ నీటినీ సరిగా బయటికి పంపలేకపోతే బీపీ పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఎదురు రక్తం పంపు చేసీ చేసీ గుండె ఎడమ గది కండరం మందమవుతుంది. మందమైన కండరం గట్టిపడి సరిగా సడలదు, దాంతో గుండెలోకి రక్తం నిండడం కష్టమవుతుంది. గుండె కొట్టుకోవడం బాగానే ఉన్నా ఆయాసం వచ్చేది ఇలాంటివాళ్లలోనే. ఎకోలో 'పంపింగ్ నార్మల్' అని రాగానే గుండెకు ఏమీ లేదనుకోవడం అందుకే తొందరపాటు.

కిడ్నీ పనితీరు బాగా తగ్గాక రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతుంది. కాల్షియం రక్తనాళాల గోడల్లో పేరుకుని, అవి పాత రబ్బరు గొట్టాల్లా బిరుసెక్కుతాయి. రక్తహీనత వస్తుంది, ఉన్న కాస్త రక్తంతోనే ఒళ్లంతటికీ ఆక్సిజన్ అందించడానికి గుండె మరింత కష్టపడుతుంది. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. వీటన్నిటికీ ముందు నుంచీ షుగర్ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తూనే ఉంటుంది. ఆ పొర కిడ్నీలోనూ ఉంటుంది, గుండెలోనూ ఉంటుంది. మూత్రంలో ఆల్బుమిన్ కనిపించిందంటే కిడ్నీ జల్లెడ ఒక్కటే చెడిందని కాదు, ఒంట్లో మిగతా రక్తనాళాల పరిస్థితి కూడా అంతంతమాత్రమేనని అనుమానించాలి.

ఇది ఒకవైపు దారి కూడా కాదు. గుండె బలహీనపడితే కిడ్నీకి రక్తం తగ్గుతుంది, కిడ్నీ ఇంకాస్త కుంగుతుంది.

నా క్రియాటినిన్ నార్మల్ అన్నారు. ఇంక భయం లేనట్టేనా?

ఈ ఒక్క మాట నమ్మి ఏళ్లు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. వయసు మీరినవాళ్లలో, సన్నగా ఉన్నవాళ్లలో కండ తక్కువ కాబట్టి కిడ్నీ చాలావరకు తగ్గినా ఆ అంకె నార్మల్ గీత దాటకపోవచ్చు. అందుకే క్రియాటినిన్‌తో పాటు వయసు, ఆడా మగా అన్నది కలిపి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ వడపోత వేగం అంచనా, చూడాలి. అది 3 నెలలకు పైగా 60 కన్నా తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు. 15 కన్నా తక్కువైతే కిడ్నీ వైఫల్యం.

అయితే ఈజీఎఫ్‌ఆర్ 90 ఉన్నా కిడ్నీ జబ్బు ఉండొచ్చు. రెండో పరీక్ష మూత్రానిది: ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి. రిపోర్టులో ఏసీఆర్ లేదా యూఏసీఆర్ అని ఉంటుంది. గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఫరవాలేదు. 30 నుంచి 300 మధ్య ఉంటే పెరిగినట్టు, 300 దాటితే బాగా పెరిగినట్టు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు గట్టి వ్యాయామం వల్ల కూడా ఇది తాత్కాలికంగా పెరుగుతుంది కాబట్టి ఒక్క రిపోర్టుతో ముద్ర వేయరు. 3 నుంచి 6 నెలల వ్యవధిలో మళ్లీ చేయించి, మూడింటిలో రెండు ఎక్కువ వస్తేనే ఖాయం చేస్తారు.

టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లు జబ్బు బయటపడ్డ రోజు నుంచే, టైప్ 1 వాళ్లు 5 ఏళ్ల తర్వాత నుంచి, ఏడాదికి ఒకసారైనా ఈ రెండూ చేయించుకోవాలి. రక్తపరీక్ష అందరూ చేయిస్తారు. వదిలేసేది మూత్రపరీక్షనే. గుండె ముప్పు ఎంతో ముందుగా చెప్పేది కూడా అదే. మీ ఫైల్లో ఏసీఆర్ రిపోర్టు లేకపోతే తర్వాతి విజిట్‌లో నోరు తెరిచి అడగండి.

మూత్రంలో నురగ లేదు. అంటే ఆల్బుమిన్ పోవట్లేదనేగా?

కాదు. నురగ కనిపించేది బాగా ఎక్కువ పోతున్నప్పుడే. మొదటి దశలో కంటికి ఏమీ తెలియదు, మామూలు యూరిన్ స్ట్రిప్ టెస్టుకు కూడా దొరక్కపోవచ్చు.

ఛాతీలో నొప్పి ఎప్పుడూ రాలేదు. గుండె జబ్బు ఉంటే తెలియదా?

షుగర్ నరాలను కూడా దెబ్బతీస్తుంది. గుండె నుంచి నొప్పి కబురు తెచ్చే నరాలూ అందులో ఉంటాయి. అందుకే వీళ్లలో కొందరికి గుండెపోటు నొప్పి లేకుండానే వచ్చిపోతుంది. ఎప్పుడో ఈసీజీ తీసినప్పుడు 'పాత అటాక్' అని బయటపడుతుంది. నొప్పికి బదులు ఆయాసం, చల్లటి చెమటలు, వికారం, అంతకుముందు లేని నీరసం, దవడలోనో వీపులోనో అసౌకర్యం ఉండొచ్చు. ఆడవాళ్లలో ఇలాంటి లక్షణాలను గ్యాస్ అనో, అలసట అనో కొట్టిపారేయడం ఎక్కువ. నిన్నటిదాకా ఎక్కిన మెట్లే ఇవాళ ఎక్కలేకపోతుంటే అది వయసు మీద తోసేయాల్సిన విషయం కాదు.

ఇలాంటి లక్షణాలు హఠాత్తుగా వస్తే అంబులెన్స్‌ను పిలవాలి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లొద్దు.

ఒక చిక్కు కూడా ఉంది. గుండెపోటును పట్టుకునే ట్రోపోనిన్ పరీక్ష కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో మామూలు రోజుల్లో కూడా కాస్త ఎక్కువగానే ఉండొచ్చు. అందుకే కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేసి, అంకె పెరుగుతోందా, తగ్గుతోందా అని చూస్తారు. రెండోసారి రక్తం తీస్తున్నారని విసుక్కోకండి. పాత ట్రోపోనిన్ రిపోర్టు ఉంటే తీసుకెళ్తే వాళ్లకు చాలా సాయం.

కాళ్ల వాపులు, ఆయాసం కిడ్నీ వల్లా, గుండె వల్లా?

రెండింటివల్లా కావచ్చు, చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక దిండ్లు పెంచుకోవాల్సి రావడం, అర్ధరాత్రి ఆయాసంతో లేచి కూర్చోవడం గుండె వైఫల్యం వైపు చూపిస్తాయి. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవడం అలవాటు చేసుకోండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వాపు కంటికి కనబడకముందే తూకం చెప్పేస్తుంది.

హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) ఎంత తగ్గిస్తే గుండెకు అంత మంచిదా?

ఒకప్పుడు అలాగే అనుకున్నారు. 10 వేల మందికి పైగా పాల్గొన్న అకార్డ్ అధ్యయనంలో కొందరికి హెచ్‌బీఏ1సీని 6 కన్నా కిందికి దించడానికి మందులు గట్టిగా వాడారు. వాళ్లలో మరణాలు ఎక్కువ కావడంతో 2008లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అప్పటి నుంచి అందరికీ ఒకే లక్ష్యం అనడం మానేశారు. చాలామందికి 7 దరిదాపులు సరిపోతుంది. వయసు మీరినవాళ్లకు, షుగర్ పదేపదే పడిపోయేవాళ్లకు 8 దాకా ఉన్నా ఒప్పుకుంటారు.

కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తొలగించే పనిలో కిడ్నీకీ వాటా ఉంది. కిడ్నీ తగ్గేకొద్దీ అదే మోతాదు ఇన్సులిన్ ఎక్కువసేపు పనిచేస్తుంది. ఏమీ మార్చకుండానే షుగర్ తగ్గుతూ వస్తుంటే జబ్బు నయమైందని సంబరపడే ముందు కిడ్నీ పరీక్ష చేయించండి. పైగా రక్తహీనత, దానికిచ్చే ఇంజెక్షన్లు, డయాలసిస్ వల్ల హెచ్‌బీఏ1సీ అంకె అసలు కన్నా తక్కువ చూపించే అవకాశం ఉంది. అలాంటప్పుడు వేలిపోటు రీడింగులే ఎక్కువ నమ్మదగ్గవి.

బీపీ ఎంత ఉండాలి?

చాలామందికి 130/80 లోపు. కిడ్నీ నిపుణుల అంతర్జాతీయ సంస్థ కేడీఐజీఓ 2021లో పై అంకె 120 లోపు ఉంటే మేలని చెప్పింది. కానీ అది అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టి, పద్ధతిగా కొలిచిన బీపీ. హడావుడిగా నడిచొచ్చి కూర్చోగానే చూసిన అంకెకు ఆ లక్ష్యం వర్తించదు. లేచి నిలబడితే కళ్లు తిరిగేవాళ్లకు కూడా అంత తగ్గించడం ప్రమాదం.

బీపీ మందు మొదలుపెట్టాక క్రియాటినిన్ పెరిగింది. మందు కిడ్నీని పాడుచేస్తోందా?

గుండెకు, కిడ్నీకి మేలు చేసే మందులు ఎక్కువగా ఆగిపోయేది ఈ అనుమానంతోనే.

రామిప్రిల్, ఎనాలాప్రిల్ లాంటివి ఒక రకం బీపీ మందులు, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటివి ఇంకో రకం. రెండు రకాలూ కిడ్నీ జల్లెడలో ఉండే ఒత్తిడిని తగ్గిస్తాయి. ఒత్తిడి తగ్గితే వడపోత కాస్త తగ్గి, క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. అది మందు పనిచేస్తోందనడానికి గుర్తు. మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన 4 వారాల్లో పెరుగుదల 30 శాతం లోపు ఉంటే మందు కొనసాగిస్తారు. అంతకు మించితే కిడ్నీ రక్తనాళం సన్నబడిందా, ఒంట్లో నీరు తగ్గిందా, నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా అని వెతుకుతారు. పొటాషియం పెరిగినా వెంటనే మందు తీసేయకుండా, దాన్ని తగ్గించే మార్గాలు ముందు చూస్తారు.

కిడ్నీ బాగా తగ్గినవాళ్లలో ఈ మందులు ఆపేస్తే కోలుకుంటారేమోనని బ్రిటన్‌లో పరీక్షించి చూశారు. 411 మందితో చేసిన ఆ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. ఆపినందువల్ల కిడ్నీ పనితీరు మెరుగుపడలేదు.

అయితే ఈ రెండు రకాల మందులనూ ఒకేసారి కలిపి వాడకూడదు. పొటాషియం పెరగడం, కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినడం ఎక్కువైనందువల్ల అలాంటి ప్రయోగాన్ని ఇదివరకే మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. ఇద్దరు డాక్టర్లు చెరొకటి రాసిన సందర్భాలుంటాయి. చీటీలు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

షుగర్ మాత్రలు గుండెనూ కిడ్నీనీ కాపాడతాయంటున్నారు. నిజమేనా?

అన్నీ కాదు, కొన్ని. మొదటిది పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మాత్రల జాతి. 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ ఫలితాలు వచ్చినప్పుడు డాక్టర్లే ఆశ్చర్యపోయారు. గుండె జబ్బు ఉన్న షుగర్ రోగుల్లో గుండె సంబంధ మరణాలు 38 శాతం తగ్గాయి, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం 35 శాతం తగ్గింది. షుగర్ తగ్గించడానికి తెచ్చిన మందు అది. షుగర్ తగ్గింది కొంచెమే. 2019లో కానాగ్లిఫ్లోజిన్, 2020లో డాపాగ్లిఫ్లోజిన్ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలోనూ మేలు చేస్తాయని తేలింది. డాపాగ్లిఫ్లోజిన్ అధ్యయనంలో షుగర్ లేని కిడ్నీ రోగులకు కూడా లాభం కనిపించింది. ఈజీఎఫ్‌ఆర్ 20 దాకా ఉన్నవాళ్లకు ఈ మందులు మొదలుపెట్టొచ్చు. వీటితోనూ మొదట్లో క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది, కంగారు పడనక్కర్లేదు. జననాంగాల దగ్గర ఫంగస్ ఇన్ఫెక్షన్ రావడం వీటితో తరచుగా కనిపించే ఇబ్బంది. సిగ్గుపడి మందు మానేయకుండా డాక్టర్‌కు చెబితే సులువుగా తగ్గుతుంది.

రెండోది ఫినెరినోన్. ఇది షుగర్ మందు కాదు. షుగర్‌తో పాటు మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నవాళ్లలో కిడ్నీనీ గుండెనూ కాపాడుతుందని 2020, 2021లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు చూపించాయి. దీన్ని వాడేటప్పుడు పొటాషియం మీద కన్నేసి ఉంచాలి.

మూడోది వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్. షుగర్, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవాళ్లలో పెద్ద కిడ్నీ ప్రమాదాలు 24 శాతం, ఏ కారణంతోనైనా మరణించడం 20 శాతం తగ్గాయని 2024లో వెలువడింది. వీటిలో కొన్ని ఖరీదైనవి. అన్నీ ఒకేసారి కుదరకపోతే ఏది ముందు అని సూటిగా అడగడంలో తప్పులేదు.

మెట్‌ఫార్మిన్ సంగతి వేరు. ఈజీఎఫ్‌ఆర్ 45 దిగితే మోతాదు తగ్గిస్తారు, 30 దిగితే ఆపేస్తారు. పయోగ్లిటాజోన్ ఒంట్లో నీరు పట్టేలా చేస్తుంది కాబట్టి గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు వద్దు.

కొలెస్ట్రాల్ నార్మల్‌గానే ఉంది. స్టాటిన్ ఎందుకు రాశారు?

మీకు రాసింది కొలెస్ట్రాల్ అంకె చూసి కాదు, ముప్పు చూసి. కిడ్నీ జబ్బు ఉన్న 9 వేల మందికి పైగా పాల్గొన్న షార్ప్ అధ్యయనంలో స్టాటిన్‌తో పాటు ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మందు ఇస్తే రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చే పెద్ద ప్రమాదాలు 17 శాతం తగ్గాయని 2011లో తేలింది. డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా స్టాటిన్ మొదలుపెడితే మాత్రం అంత లాభం కనబడలేదు. ముందు నుంచీ వాడుతున్నవాళ్లు కొనసాగిస్తారు. తొందరగా మొదలుపెట్టమనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ముందుజాగ్రత్తగా రోజూ ఆస్పిరిన్ వేసుకోవచ్చా?

ఇదివరకే గుండెపోటు, స్టెంట్, పక్షవాతం ఉంటే ఆస్పిరిన్ వేరే విషయం, మానకూడదు. అవేవీ లేనివాళ్లు తమంతట తాము మొదలుపెట్టొద్దు. షుగర్ ఉన్న 15 వేల మందిలో చూస్తే రక్తనాళాల ప్రమాదాలు 12 శాతం తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు 29 శాతం పెరిగాయి. కిడ్నీ జబ్బులో రక్తస్రావం ముప్పు ముందే ఎక్కువ.

ఒంటినొప్పులకు ఏ మాత్ర వేసుకోవాలి?

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వద్దు. కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, బీపీ పెంచుతాయి, నీరు పట్టిస్తాయి. తగిన మోతాదులో పారాసిటమాల్ నయం.

మామూలు ఉప్పు మానేసి 'తక్కువ సోడియం' ఉప్పు వాడితే?

చూసి వాడాలి. అలాంటి చాలా ఉప్పుల్లో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కిడ్నీ తగ్గినవాళ్లు, పైన చెప్పిన బీపీ మందులు వాడుతున్నవాళ్లు అది తింటే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. మామూలు ఉప్పునే రోజుకు 5 గ్రాములకు, అంటే ఒక టీస్పూన్ లోపుకు తగ్గించుకోవడం మేలు. ప్యాకెట్ తిండిలో దాక్కున్న ఉప్పు కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే రోజూ వేసుకునే మందులు వేసుకోవాలా?

ఈ ప్రశ్న ఆరోగ్యంగా ఉన్నప్పుడే డాక్టర్‌ను అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోవాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు, రామిప్రిల్, లోసార్టాన్ లాంటి బీపీ మందులు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి కిడ్నీని హఠాత్తుగా కుంగదీయగలవు. అలా కుంగితే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుపోయి రక్తంలో ఆమ్లం పెరగొచ్చు. వీటిని మామూలుగా తినగలిగేదాకా తాత్కాలికంగా ఆపమని చెబుతారు. ఇన్సులిన్‌ను మాత్రం పూర్తిగా ఆపకూడదు. డాపాగ్లిఫ్లోజిన్ జాతి మందులు వాడేవాళ్లలో షుగర్ అంకె అంత ఎక్కువ లేకుండానే కీటో ఆసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకోవడం, రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి తీయడం కనిపిస్తే షుగర్ బాగుందిలే అని ఊరుకోవద్దు. ఆపరేషన్ ఉన్నా ఈ మందును 3, 4 రోజుల ముందే ఆపుతారు. కోలుకున్నాక మళ్లీ మొదలుపెట్టడం చాలామంది మర్చిపోతారు.

యాంజియోగ్రామ్ చేయిస్తే కిడ్నీలు పోతాయా?

రక్తనాళాలు కనబడడానికి ఎక్కించే డై వల్ల కొంత ముప్పు ఉన్నమాట నిజం. కానీ గుండెపోటు వచ్చి ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆ భయంతో వద్దనడం పెద్ద తప్పు. డై తక్కువ వాడడం, ముందూ వెనకా తగినన్ని ద్రవాలు ఎక్కించడం లాంటి జాగ్రత్తలు తీసుకుంటారు.

లక్షణాలు నిలకడగా ఉండి, అత్యవసరం కానప్పుడు మాట వేరు. కిడ్నీ జబ్బు బాగా ముదిరినవాళ్లలో ముందే యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ లేదా బైపాస్ వైపు వెళ్లినా, మందులతో మొదలుపెట్టినా మరణాల్లో, గుండెపోట్లలో తేడా కనబడలేదని 777 మందితో చేసిన అధ్యయనం 2020లో చెప్పింది. కాబట్టి అలాంటి సందర్భంలో 'మందులతో చూడొచ్చా?' అని అడగడం డాక్టర్‌ను ఎదిరించినట్టు కాదు.

డయాలసిస్ మొదలైంది. ఇప్పుడు గుండెకు చేయగలిగింది ఏముంది?

రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువు అదుపులో ఉంచుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఎక్కువ నీరు చేరితే గుండె సాగిపోతుంది, అంత నీటినీ ఒక్కసారిగా లాగేస్తే బీపీ పడిపోయి గుండె కండరానికి రక్తం అందదు. వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్లలో రెండు రోజుల విరామం వచ్చేచోట మరణాలు, ఆసుపత్రి చేరికలు ఎక్కువని తేలింది. ఆ రోజుల్లో సెషన్ వాయిదా వేయొద్దు. కిడ్నీ మార్పిడికి అర్హత ఉంటే ఆలస్యం చేయకుండా కదలండి. మార్పిడి తర్వాత గుండె ముప్పు పూర్తిగా పోదు, కానీ డయాలసిస్‌లో కొనసాగేవాళ్లతో పోలిస్తే బాగా తగ్గుతుంది.

షుగర్ డాక్టరా, కిడ్నీ డాక్టరా, గుండె డాక్టరా? ఎవరి మాట వినాలి?

ముగ్గురూ అవసరం కావచ్చు, కానీ మందుల లిస్టు మొత్తాన్ని చూసే బాధ్యత ఒకరికి ఉండాలి. ఆ ఒకరు ఎవరో మీరే అడిగి తేల్చుకోండి. ఈజీఎఫ్‌ఆర్ 30 కన్నా దిగినా, వేగంగా తగ్గుతున్నా, ఏసీఆర్ 300 దాటి అలాగే ఉన్నా కిడ్నీ నిపుణుడి దగ్గరికి వెళ్లాలి. ప్రతి విజిట్‌కూ తాజా ఈజీఎఫ్‌ఆర్, ఏసీఆర్, పొటాషియం, ఇంట్లో రాసుకున్న బీపీ, బరువు, పాత ఈసీజీ, ఎకో, అన్ని మందుల చీటీలు ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. సొంతంగా కొనుక్కుని వేసుకునే మాత్రలు, మూలికల పేర్లు కూడా ఆ ఫైల్లో రాయండి.